తలకాయ గడిలో రాళ్లకుంట

రోజూ ఆరున్నరకు రేవతి క్యారియర్ సంచి భుజాన వేసుకుని రాళ్లకుంట కాలనీ స్టాపులో నిలబడేది. కుప్పం నుంచి పుంగనూరు మీదుగా వచ్చే బస్సెక్కి మదనపల్లెలో దిగి, ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి పోయేది. ఒక సోమవారం చూస్తే స్టాపు లేదు. సిమెంటు బల్ల లేదు, రేకుల కప్పు లేదు. అక్కడ ఉత్త కంది చేను. బస్సు ఆగకుండా పోయింది.

"బస్సుల వెబ్ పేజీలో మన వరుస తీసేసినారంట," అంది పక్కింటి గౌరమ్మ.

వరుస పోయినాక స్టాపు ఎట్లుంటుందని కాలనీవాళ్లు ఐదు కిలోమీటర్లు నడిచి ముందు స్టాపుకు పోసాగారు. రేవతికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే పనిలోకి రావద్దన్నారు.

ఆమె మామ గంగులప్ప ఊరుకోలేదు. పుంగనూరు పోయి, ఆ పేజీ రాసే కరుణాకర్‌ని అతని కంప్యూటర్ సెంటర్లోనే పట్టుకున్నాడు.

"మా వరుస యాల తీసినావప్పా?"

"ఫోన్లో పట్టిక పట్టలే పెద్దాయనా. ఒకటి తగ్గించినా."

"తగ్గించేదానికి మేమే దొరికినామా?"

కరుణాకర్ నవ్వాడు. "అంత రోషముంటే నువ్వే నేర్చుకుని రాయి. అట్లే ఎక్కిస్తా. ఒక్క అక్షరం మార్చను."

"మాట మీదుండు," అని గంగులప్ప కుర్చీ లాక్కున్నాడు.

అరవై ఏళ్లకు రాత్రిబడిలో అఆలు దిద్దినవాడు. ఇంగ్లీషు అక్షరాలను వేలితో ఒక్కొక్కటే వెతికి పొడిచాడు. పేజీ రాసే గుర్తుల్లో టేబుల్, అంటే పట్టిక, అతనికి మడి. టీఆర్, అంటే వరుస, సాలు. టీడీ, అంటే గడి, సాలులో నారు గుంత. టమోటా తోటల్లో ముప్పై ఏళ్లు కూలి చేసినవాడికి ఇది ఒకరు చెప్పాలా? ఏటవాలు గీత పెట్టి సాలు మూయడం మరిచిన రోజు మాత్రం ఊర్లన్నీ ఒకే సాలులోకి పారాయి. మడవ కట్టకుంటే నీళ్లు నిలుస్తాయా అని తనను తానే తిట్టుకున్నాడు.

ఐదు రోజులు పట్టింది. అన్నాళ్లూ రేవతి చీకటితోనే లేచి నడిచింది. ఐదో రోజు మడమ వాచి, రేపు అడుగు పడదంది.

ఆ సాయంత్రం కరుణాకర్ అతను రాసింది చూసి ఉలిక్కిపడ్డాడు. "మీ కాలనీకి టీహెచ్ పెట్టినావే! అది పట్టిక నెత్తిన ఉండే తలకాయ గడి. ఊర్లకు టీడీ పెట్టాల."

"తెలిసే పెట్టినా. నడుమ ఉండామనే గదా పీకినావు? ఇప్పుడు తలకాయ పీకు, సూస్తాం."

"కుప్పమోళ్లు ఏం గావాల?"

"కింద ఉండారు గదా. వాళ్ల కాడికీ పోతాది."

మాట ఇచ్చిన పాపానికి కరుణాకర్ మూతి ముడుచుకుని ఎక్కించాడు.

తెల్లారేసరికి బస్సు కాలనీ లోపల, రేవతి గడపకు నాలుగడుగుల్లో నిలబడి ఉంది. డ్రైవరు గౌరమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

"యాడికి పోతాదప్పా ఇది?" గంగులప్ప ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఈడినుంచే మొదలు. మదనపల్లె పోయొచ్చి, ఆమీట పుంగనూరు, కుప్పం," అన్నాడు కండక్టరు, ఎన్నేళ్లనుంచో అంతే అయినట్టు.

రేవతి కుంటుకుంటూ ఎక్కింది. బస్సంతా ఖాళీ. ఏ సీటులో కూర్చోవాలో తోచక కాసేపు నిలబడి, చివరికి కిటికీ పక్కది ఏరుకుంది. ఆ పొద్దు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ నర్సు అంత ముందుగా వచ్చిన ఆమెను చూసి, గోడగడియారం వైపు రెండుసార్లు చూసింది.