ఎక్స్‌రే కొలత పొయ్యి

మా అత్తగారింట్లో కట్టెల పొయ్యికి ఒక కొలత ఉంది. ఆ కొలత టేపులో దొరకదు, స్కేలులో దొరకదు. మా అత్తయ్య రుక్కమ్మ కుడి చేతిలో ఉంటుంది. మణికట్టు నుంచి నడిమి వేలి కొస దాకా ఎంతుంటే పొయ్యి నోరు అంత, దానికి రెండింతలు పొయ్యి ఎత్తు. ఏటా మిరుగు కార్తె రాకముందే, అంటే వానలు పట్టుకుని మట్టి ఆరకుండా పోయే లోపల, పొయ్యికి అంటిన మసి గీకి, బూడిద ఎత్తి, కాలి గుల్లబారిన మట్టిని గడ్డపారతో రాల్చేస్తాం. ఎర్రమట్టిలో పేడా వడ్లపొట్టూ కలిపి తొక్కి కొత్తగా పోస్తాం. అప్పుడు అత్తయ్య తడిమట్టి మీద అరచెయ్యి పరుస్తుంది. ఎవరు చెయ్యి పరిస్తే పొయ్యి వాళ్ళది. దాని మీద పాలు పొంగించేదీ, పండక్కి ఏం వండాలో చెప్పేదీ వాళ్ళే.

నేను ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్ళు. పేడ తెచ్చేది నేను, మట్టి తొక్కేది నేను, అలికేది నేను, ఏడాది పొడుగునా దాని ముందు కూర్చుని ఊదేది నేను. చెయ్యి మాత్రం ఆమెది. ఆమె చెయ్యి చేటంత. నాది చిన్నది. అంత వెడల్పు నోటి మీద నేను ఎత్తగలిగే చిన్న గిన్నె పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది, మంట సందుల్లోంచి లేచి మోచేతుల దాకా తగులుతుంది. నా రెండు చేతుల మీదా కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. గ్యాసు ఉంది కదా అని మా కోదాడ చుట్టాలు అడుగుతారు. ఉంది. కానీ మామయ్య తిరుపతయ్య గ్యాసు మీద కాల్చిన జొన్నరొట్టె తినడు. తింటే గొర్రెల వెంట నడవడానికి కాళ్ళు రావట.

ఈ ఏడు మిరుగు ఇంకా పది రోజులుందనగా, పొద్దున్నే మామయ్య పాత పొయ్యిని కూలగొట్టాడు. అదే రోజు పది గంటలకు దొడ్లో పొట్టేలు అత్తయ్యను కుమ్మింది. ఆమె చెయ్యి ఆనించి పడింది, కుడి మణికట్టు విరిగింది. త్రిపురారం నుంచి ఆటో మాట్లాడుకుని మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే తీయించి, మోచేతి కింది నుంచి వేళ్ళ దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దన్నాడు. అత్తయ్య నొప్పి గురించి ఒక్క మాట అడగలేదు. మరి పొయ్యి ఎట్లా అని అడిగింది. ఆయనకేం అర్థం కాక నా వంక చూశాడు.

ఇంటికొచ్చాక, ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా అన్నాడు మామయ్య. ఎడమ చేత్తో ఎవరైనా పొయ్యి కొలుస్తారా అని అత్తయ్య ఆయన నోరు మూయించింది. అయితే ఈసారికి నా చెయ్యి పెడతానన్నాను.

"పెడ్తవ్. పెడితే పొయ్యి నీదైతది," అంది అత్తయ్య. "నేనింక బతికే ఉన్న గద పిల్లా."

ఆ మాట కోపంతో అనలేదు, భయంతో అంది. అది నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఒళ్ళు మండింది. నేనేమన్నా బంగారం అడిగానా, భూమి అడిగానా? నా చేతికి సరిపడే పొయ్యి ఒకటి అడిగాను, అదీ పద్నాలుగేళ్ళకు.

ఆదివారం నా భర్త భాస్కర్ సూర్యాపేట నుంచి వచ్చాడు. సర్వేయర్ దగ్గర గొలుసు పట్టే ఉద్యోగం ఆయనది. పొలాలు కొలిచీ కొలిచీ, నేల మీద ఉన్నదాని కన్నా కాగితం మీద ఉన్నదే అసలుదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. మా పెళ్ళి కూడా సర్టిఫికెట్ చేతికొచ్చాకే పూర్తిగా అయినట్టు అనిపించిందని ఒకసారి నాతోనే అన్నాడు. సంగతంతా విని, ఏమాత్రం పరేషాన్ కాకుండా, ఎక్స్‌రే తెమ్మన్నాడు.

"గిది అమ్మ చెయ్యి గాదా? కుడిచెయ్యే. మీద పేరు గూడ ఉంది. ఇంతకన్న రికార్డు ఏముంటది?"

ఆ ఫిల్మును బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఎండకు ఎదురుగా వేలాడదీశాడు. చెయ్యి అందులో రెండుసార్లు పడింది, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. రెండూ పట్టడానికి బొమ్మను కుదించారని నాకు చూడగానే తెలిసిపోయింది. మా అన్న రాజ్‌కుమార్‌ది కోదాడలో ఫోటో స్టూడియో, పెళ్ళికి ముందు అక్కడ నేను కూర్చోని రోజు లేదు. భాస్కర్ స్కేలు పెట్టి కొలిచి, నాలుగు అంగుళాలు అని ప్రకటించాడు.

అత్తయ్య కట్టులో ఉన్న చెయ్యి వంకా, తీగ మీది చెయ్యి వంకా మార్చి మార్చి చూసింది. "నా చెయ్యి గింతేనా?"

"ఇది లోపలి చెయ్యి అమ్మా. మనకు మీదికి కనవడేదంత కండ."

మామయ్య తలూపాడు. ఉన్ని కత్తిరిస్తే గొర్రె కూడా సగమే ఉంటుందని, చిన్నప్పటి నుంచీ చూస్తున్నానని చెప్పాడు. దాంతో విషయం తేలిపోయింది.

నేను నోరు విప్పలేదు. విప్పాల్సింది. కొలత నాది కాదన్నప్పుడు తప్పు కూడా నాది కాదనుకున్నాను. ఆ రోజు నా మనసు అంత మంచిగా లేదు, ఒప్పుకుంటున్నాను.

పొయ్యి అనుకున్న రోజుకు అయింది. నాలుగు అంగుళాల నోరు, ఎనిమిది అంగుళాల ఎత్తు. మిరుగు రోజు నేను అగ్గిపుల్ల గీసిస్తే అత్తయ్య ఎడమ చేత్తో వెలిగించింది. పాలగిన్నె నిలవక స్టీలు గ్లాసులో పాలు పొంగించాం. గ్లాసెడు పాలు పొంగితే ఎంత పొంగుతాయి? అయినా ఆమె కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

ఇక కట్టు విప్పేదాకా మేం పడ్డ అవస్థ చెప్పుకుంటే నవ్వుతారు. పెనం పెడితే పొయ్యి మొత్తం మూతపడి మంట ఆరిపోయేది. డబ్బా మూత మీద అరచేతిలో పట్టేంత రొట్టెలు కాల్చాను. మామయ్య ఒక పూటకు పాతిక పైన తిని, తిన్నట్టే లేదని లేచేవాడు. తుమ్మ కట్టె ఏదీ ఆ నోట్లో పట్టదు కాబట్టి ఆయన పొద్దున లేచి మొద్దులను పెన్సిళ్ళంత సన్నగా చీల్చేవాడు. అది ముగిసేసరికి పొద్దెక్కేది, గొర్రెలు దొడ్లో అరిచి అరిచి ఊరు హోరెత్తించేవి. గ్యాసు ముట్టిస్తే పొయ్యి చిన్నదని ఒప్పుకున్నట్టే కాబట్టి, స్నానాల నీళ్ళు కూడా దాని మీదే చెంబులతో కాచాం. మూడో చెంబు కాగేసరికి మొదటిది చల్లారేది. అందుకని తల ఒకసారి, ఒళ్ళు ఒకసారి పోసుకున్నాం. ఇంతా చేసి, పొయ్యి చిన్నదైందని ఇంట్లో ఒక్కరూ అనలేదు.

పక్కింటి సుందరమ్మ వచ్చి చూసి, ఆటకు చేశారా అని అడిగింది. లోపలి చేతి కొలతతో చేశామని అత్తయ్య వివరంగా చెప్పింది, తీగ దగ్గరకు తీసుకుపోయి ఫిల్ము కూడా చూపించింది. వారం తిరక్కుండా ఊళ్ళో ఇద్దరు, ఎముక విరక్కపోయినా ఎక్స్‌రే తీస్తారా అని భాస్కర్‌కు ఫోన్ చేశారు.

జులై నడిమిలో కట్టు విప్పారు. చెయ్యి చిక్కింది, చర్మం పాలిపోయింది, కానీ పొడుగు పొడుగే ఉంది. ఆటోలో దారి పొడుగునా అత్తయ్య దాన్నే చూసుకుంటూ కూర్చుంది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా వసారాలోకి పోయి పొయ్యి మీద చెయ్యి పెట్టింది. పొయ్యి మొత్తం చేతి కింద కనబడకుండా పోయింది.

చెయ్యి తీయకుండానే నా వైపు తిరిగింది. "నీకెరికేనా?"

"తెలుసు అత్తయ్యా."

"మరి సెప్పకపోతివి."

"కొలత నాది కాదన్నారుగా."

తిడుతుందనుకున్నాను. తిడితే తిరిగి తిట్టడానికి నా దగ్గర పద్నాలుగేళ్ళ సరుకు ఉంది. ఆమె పీట లాక్కుని కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ప్రేమగా ఏం కాదు, గొర్రె గిట్ట పట్టుకుని చూసినట్టు అటూ ఇటూ తిప్పింది. మచ్చలు చూసి ఎప్పటివని అడిగింది. మొదటి ఏడాది నుంచీ అన్నాను. ఆమె నా చెయ్యి వదిలి తన పిడికిలి బిగించబోయింది. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంకోసారి బిగించి చూసింది, అంతే వచ్చాయి. మట్టి అదిమే చెయ్యి కాదు అది ఇప్పుడు. అప్పటిదాకా నాలో ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"రేపు మట్టి తొక్కు," అంది.

మర్నాడు చిన్న పొయ్యి పక్కనే పోసిన తడిమట్టి ముందు కూర్చున్నాక ఆమె తన చెయ్యి కొంగులో దాచుకుంది. పెట్టు అన్నట్టు గడ్డం ఆడించింది. నేను అరచెయ్యి పరిచాను. "జర వేళ్లు సాపు," అంది బేరం ఆడుతున్నట్టు. కొంచెం సాపాను. అంతకన్నా సాపలేదు.

మామయ్య చిన్న పొయ్యిని కూలగొట్టడానికి గడ్డపార తెచ్చాడు. అత్తయ్య అడ్డం నిలబడింది. "దాన్ని ముట్టకు. అది నాది."

వానకు నా పొయ్యి ఆరడానికి వారం పట్టింది. ఆరిన రోజున ఆమె తన పొయ్యిలోంచి ఒక నిప్పు ముక్కను ఎడమ చేత్తో పట్టకారుతో తీసి నా పొయ్యిలో వేసింది. గిన్నె నిండా పోసిన పాలు మూడు పక్కలా పొంగాయి. నా కళ్ళ వెంట నీళ్ళు కారితే పొగ అన్నాను. పొగ లేదు.

ఇప్పుడు చలికాలం వచ్చింది. తెల్లారేసరికి అత్తయ్య మణికట్టు గుంజుతుంది. తన పొయ్యిలో నాలుగు పుల్లలేసి గ్లాసులో టీ కాచుకుంటుంది. గ్లాసు దించాక ఆ వేడి మీద చెయ్యి కప్పి కూర్చుంటుంది. మిరుగు వస్తే రెండు పొయ్యిలూ రాల్చి కొత్తగా పోయాలి. ఎండకూ వానకూ పాడవుతుందని ఎక్స్‌రే ఫిల్మును తీగ మీది నుంచి తీసి, దేవుడి పటాల వెనక దాచాను.