పీచులో ఉండ

మేకులాయన నోట్లో ఇంకా తొమ్మిది మేకులున్నాయి. పొడవాటి బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కోదాన్నీ నాలుకతో తిప్పి, తలకాయ ముందుకొచ్చేలా పెదాల మధ్యకు తెస్తున్నాడు. సుత్తి మూతికి అయస్కాంతం ఉంది. అది మేకును అందుకుని ఒకే దెబ్బలో చెక్కలోకి దింపుతుంది. ఎడంచెయ్యి రెగ్జిన్‌ను బిగలాగి పట్టుకోవాలి, కుడిచేతిలో సుత్తి ఉంటుంది, ఇక మేకులు పెట్టుకోవడానికి మిగిలేది నోరే. నలభై ఏళ్ళుగా పగటిపూట ఆ నోరు ఖాళీగా ఉన్నది అన్నం వేళకే. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాడు, బేరమాడితే వేళ్ళు చూపిస్తాడు. ముందుపళ్ళు రెండు అరిగి అరిగి ఎప్పుడో రాలిపోయాయి, మిగిలినవీ వాటి దారి చూసుకుంటున్నాయి.

పక్కనే గోనెసంచి మీద పీచు పడుకుని ఉంది. పీచు అంటే కుక్క. తొమ్మిదేళ్ళ కిందట కొబ్బరిపీచు బస్తా విప్పితే అందులోంచి బయటపడిన పిల్ల. రంగూ అదే, వెంట్రుకల బిరుసూ అదే, కాబట్టి పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఇప్పుడు దాని డొక్క మీద అరచేయంత మేర వెంట్రుకలు లేవు. గొరిగిన చోట కుట్ల మచ్చ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మేకులాయనకు డాక్టరమ్మ మీద గౌరవం పెరుగుతుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం సమానంగా ఉంది, ఎక్కడా గుడ్డ గుంజినట్టు లేదు.

ఈ రోజు ఆరో ఇంజక్షను, చివరిది. పోయిన వారం తీసిన స్కాను సంగతి కూడా ఈ రోజే చెబుతానంది డాక్టరమ్మ. జబ్బు మిగిలి ఉంటే మళ్ళీ మొదటి నుంచి. అంత ఓపిక పీచుకు ఉందో లేదో తెలియదు గానీ, అంత డబ్బు తన దగ్గర లేదని మేకులాయనకు బాగా తెలుసు.

అక్క టీ గ్లాసుతో వచ్చింది. ఆయనకు అక్క తప్ప నా అన్నవాళ్ళు లేరు. అక్కకు తమ్ముడు తప్ప తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు.

"ఉమ్మెయ్ ఆ మేకులు, టీ చల్లారిపోతోంది. ఏమే మహారాణీ, నీకు పోసిన డబ్బుతో మీ నాన్నకి బంగారు పళ్ళు వచ్చేవి, తెలుసా?"

పళ్ళు కట్టించుకోవాలని నాలుగేళ్ళు దాచిన డబ్బు నాలుగు ఇంజక్షన్లతో కరిగిపోయింది. మేకులాయన మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకుని నవ్వాడు.

"పళ్ళెందుకక్కా? మేకులకి చోటు చాలదు."

"నీ మొహం" అంది అక్క. తిడుతూనే కొంగు చాటు నుంచి బిస్కెట్టు తీసి పీచు ముందు పడేసింది. మూడు నెలల కిందట మెతుకు ముట్టని కుక్క, ఇప్పుడు బిస్కెట్టు నేలకు తాకక ముందే అందుకుంది.

అక్కకు ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట. మొదట్లో ఎదురుగా ఉన్న టైలరు, "మనుషులకే దిక్కులేదు, కుక్కకి కాన్సరు వైద్యమా? ఆ డబ్బు నాకివ్వండి, పది కుక్కల్ని తెచ్చిస్తా" అన్నాడు.

"పదొద్దు నాయనా, మాకు ఇదే కావాలి. పళ్ళు మా తమ్ముడివి, కుక్క మాది. మధ్యలో నీకేం నొప్పి?" అని అక్క అడిగిన గొంతు వీధి చివరిదాకా వినబడింది. టైలరు ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

అసలా జబ్బును కనిపెట్టింది మేకులాయన బొటనవేలు. సోఫా పనిలో వేలే కన్ను. కొబ్బరిపీచు పరిచి గుడ్డ కప్పాక లోపల ఎక్కడ ఉండకట్టిందో కంటికి తెలియదు, వేలితో నొక్కుకుంటూ పోవాలి. చిక్కుడు గింజంత ఉండ మిగిలినా ఆర్నెల్లలో అక్కడ గుడ్డ చిరుగుతుంది. ఒక మధ్యాహ్నం పని మధ్యలో కుక్క డొక్క నిమురుతుంటే వేలు ఆగింది. ఉండ తగిలింది. అలవాటు కొద్దీ వేలితో నలిపి సర్దబోయాడు. అది సర్దుకోలేదు.

కుక్కను ఎత్తుకుని రెండు వీధులు పరుగెత్తాడు. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమడిగినా తల ఊపుతున్నాడు, వేళ్ళు చూపిస్తున్నాడు. పాపం మాటలు రానివాడనుకుని ఆమె కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో "ఎన్ని రోజుల నుంచి?" అని రాసి చూపించింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. బల్ల మీద ఏడు మేకులు ఉమ్మాడు. డాక్టరమ్మ చేతిలో పెన్ను జారిపోయింది.

"ఒక్కటీ మింగలేదు కదా?"

"లేదమ్మా. లెక్క సరిపోయింది."

రెండు రోజుల తర్వాత ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆపరేషను, ఆ తర్వాత మూడు వారాలకో ఇంజక్షను చొప్పున ఆరు. ఖర్చు ఎంతో కూడా చెప్పింది. మేకులాయన వింటూనే కూర్చున్న కుర్చీని వేలితో నొక్కుకుంటున్నాడు.

"ఎవరు చేశారమ్మా ఈ కుర్చీలు? లోపలంతా ఉండలే."

డాక్టరమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మందులు నేను కూడా కొనుక్కోవాల్సిందే బాబాయ్, అవి తగ్గించలేను. నా ఫీజూ ఆపరేషనూ వదిలేస్తాను."

"వదిలెయ్యొద్దమ్మా, దానికి బదులు పని చేయించుకోండి. ఇరవైరెండు కుర్చీలు, ఒక పెద్ద బెంచీ. నేను చేస్తాను."

అలా కుదిరింది బేరం. వారానికి రెండు కుర్చీలు చేసి ఇస్తూ వచ్చాడు. జబ్బు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చున్నవాళ్ళకు నడుము నొప్పి లేకపోవడం వింతగా తోచి, ఇదెవరి పనితనమని అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్ళ ఇళ్ళ నుంచి సోఫాలు వచ్చాయి. ఐదో ఇంజక్షనూ ఆరోదీ ఆ సోఫాలే కొనిపెట్టాయి. ఒకరి దగ్గర చెయ్యి చాచలేదని అక్క ఎంత గొప్పగా చెప్పుకుంటుందో, చాచాల్సి వస్తుందేమోనని ఆయన అన్ని రోజులూ అంతగా భయపడ్డాడు.

పదింటికి బెంచీని తోపుడుబండి మీద పెట్టారు. పీచును నడిపించాలనుకున్నారు గానీ, అది బండి ఆగిన క్షణం చూసి ఎగిరి బెంచీ మధ్యలో కూర్చుంది. ఆపరేషను అయ్యాక అది అంత ఎత్తు ఎగరడం ఇదే మొదటిసారి. అక్క నోరు తెరిచింది, తిట్టు మాత్రం రాలేదు. కొత్త ఎర్ర రెగ్జిన్ మీద, సగం గొరిగిన డొక్కతో, ఊరేగింపులో రాణిలా పీచు పోతుంటే టైలరు మిషను ఆపి మరీ చూశాడు. అక్క ముందు నడుస్తూ, అడ్డం లేనివాళ్ళను కూడా "జరగండి, జరగండి" అంటోంది.

ఇంజక్షను అయ్యేసరికి బెంచీ గోడ వారన కుదురుకుంది. మేకులాయన బండి అడుగు నుంచి బేరంలో లేనిదొకటి తీశాడు. జానెడు ఎత్తు పొట్టి సీటు, లోపల మెత్తటి పీచు. మనుషులు కుర్చీల్లో, జబ్బు జంతువులు చల్లటి బండ మీద, ఇదేం న్యాయమని ఆయనకు మొదటి రోజే అనిపించింది. ఎడమ మూలన గుడ్డ ఇంకా బిగించాలి. చేతులు ఊరికే ఉండలేక నాలుగు మేకులు నోట్లో వేసుకున్నాడు.

డాక్టరమ్మ కాగితాలతో బయటికొచ్చింది.

"ఏమీ లేదు బాబాయ్. శుభ్రంగా ఉంది. గడ్డ ఇంత చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి పూర్తిగా పోయింది. ఆ సైజులో గడ్డని నేను కూడా పట్టుకునేదాన్ని కాదు."

నోట్లో మేకులున్నాయి కాబట్టి ఆయన మాట్లాడలేదు. మేకులు ఉమ్మేశాడు. అయినా మాట రాలేదు.

ఆ లోటు అక్క తీర్చింది. "విన్నారా! మా తమ్ముడి వేలు! డాక్టరమ్మే అంటోంది!" అని కూర్చున్న వాళ్ళందరికీ, రెండు పిల్లులకూ, ఒక కుందేలుకూ వినిపించి, డాక్టరమ్మను కౌగిలించుకుని, ఆనక భోరున ఏడ్చింది.

"మీరూ ఒకసారి చూసుకోండి" అంది డాక్టరమ్మ ఊపిరి తీసుకుంటూ.

ఆయన పీచు మెడ దగ్గర మొదలుపెట్టి తోకదాకా, డొక్క అడుగునా, కాళ్ళ సందుల్లో, ప్రతి అంగుళం బొటనవేలితో నొక్కాడు. ఉండ లేదు. ఎక్కడా లేదు. పీచు ఆయన గడ్డం నాకింది. ఆయన లేచి, సుత్తి తీసుకుని, పొట్టి సీటుకు ఆఖరి మేకు కొట్టాడు. అది వంకరగా దిగింది. నలభై ఏళ్ళలో ఆయన చేతి కింద ఒక మేకు వంకరపోవడం అదొక్కసారే.

ఆ పైన పీచు మూడేళ్ళ రెండు నెలలు బతికింది. గడ్డ మళ్ళీ రాలేదు. సోఫాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, రెండో ఏడు అక్క ఆయన చెవి పట్టుకుని తీసుకెళ్ళి పళ్ళు కట్టించింది. ఆర్నెల్లకోసారి పరీక్షకు వెళ్ళినప్పుడు పీచు ఎవరినీ అడక్కుండా పొట్టి సీటెక్కి పడుకునేది. దానికి వయసు వచ్చింది, అంతే. ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుని, ఒక మేకుకూ ఇంకో మేకుకూ మధ్య ఊపిరి వదిలేసింది. పాదానికి ఆ సంగతి ముందు తెలిసింది. ఆయన మేకులన్నీ ఒక్కొక్కటిగా అరచేతిలోకి ఉమ్ముకుని, వంగి, దాని డొక్క మీద బొటనవేలు ఉంచాడు.

పొట్టి సీటు ఇప్పటికీ ఆసుపత్రి గది మూలనే ఉంది. ఎవరెవరి కుక్కలో దాని మీద పడుకుంటాయి. గోళ్ళు పడి గుడ్డ చిరిగినప్పుడు ఆయన వెళ్ళి మార్చి వస్తాడు. ఇప్పటికి రెండుసార్లు మార్చాడు. ఎడమ మూలన వంకరగా ఉన్న ఆ మేకును రెండుసార్లూ జాగ్రత్తగా పీకి, అదే కన్నంలో మళ్ళీ అంతే వంకరగా దింపాడు.