సంతకం కలవలేదు

"సంతకం కలవలేదంట," అన్నాడు కృపావరం, వంటింటి గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకుంటూ.

సువార్త గోంగూర ఒలుస్తోంది. ఆదివారం. చర్చికి వెళ్ళేలోపు గోంగూర ఉడకాలి, మాంసం కుక్కర్లో పడాలి, అత్తగారికి తల దువ్వి జడ వెయ్యాలి, తన చీర ఇస్త్రీ చేసుకోవాలి. "ఎవరి సంతకం?" అంది తలెత్తకుండా.

"నీదే. పెన్షన్‌ది. మళ్ళీ తిప్పి పంపారు."

పెన్షన్ ఆమెది. కబురు మాత్రం ఆయన ఫోన్‌కే వస్తుంది. ఖాతా తెరిచిన రోజుల్లో ఆమెకి సొంత ఫోన్ లేదు. వచ్చాక కూడా, ఆ నెంబరు మార్చుకోవచ్చన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అప్పట్లో సువార్త నరసరావుపేటలో ఒక చిన్న నర్సింగ్ హోములో ల్యాబ్ టెక్నీషియన్. ఎవరో ఏజెన్సీ వాళ్ళు వచ్చి, నెలనెలా కొంత కడితే అరవై దాటాక పెన్షన్ వస్తుందని చెప్పి స్టాఫ్ అందరి చేతా ఖాతాలు తెరిపించారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. సువార్త మానలేదు. జీతం ఇంట్లోకి ఎలా పోతుందో ఆమెకి ఎప్పుడూ తెలిసేది కాదు. బియ్యం, స్కూలు ఫీజులు, అత్తగారి మందులు, పెళ్ళిళ్ళకి చదివింపులు. ఆ ఖాతాలో పడేది ఒక్కటే ఎక్కడికీ పోకుండా, ఆమె కోసం కూర్చుని ఉండేది. రేపు ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టుకోవచ్చు అనుకుంటే ఒంట్లోకి చల్లగాలి వచ్చినట్టుండేది.

ఇప్పుడామె పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తోంది. పోయినేడాది ఆ ఏజెన్సీ ఊళ్ళో ఆఫీసు మూసేసి గుంటూరు వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తరు. కట్టిన డబ్బు నెలల తరబడి ఖాతాలో కనపడదు. భయమేసి, ఆసుపత్రి పక్కనున్న బ్యాంకులో అడిగింది. "ఖాతా మీదే ఉంటుందమ్మా, చూసుకునేవాళ్ళే మారతారు, తేలిక," అన్నారు వాళ్ళు. తేలిక కాలేదు. ఒకసారి ఓటీపీ కృపావరం ఫోన్‌కి వచ్చింది. ఆయన కోర్టు ఎదుట రేకుల షెడ్డులో ఎవరిదో పిటిషన్ టైపు చేస్తూ చూసుకోలేదు, గడువు దాటిపోయింది. ఇంకోసారి ఇంటిపేరులో ఒక అక్షరం తేడా వచ్చింది. ఇప్పుడు సంతకం.

"నేను సరిగ్గానే పెట్టానే. రోజూ రిపోర్టుల కింద పెట్టేదేగా," అంది సువార్త.

కృపావరం మెడ వెనక గోక్కున్నాడు. "నువ్వు పెట్టింది బానే ఉంది. వాళ్ళ కాడ ఉన్నదే నీది కాదు."

"మరెవరిది?"

"నాది." కాస్త నవ్వాడు. "ఆ రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావు. నీ జిరాక్సుల కోసం ఏజెంటు ఇంటికొచ్చి కూర్చున్నాడు, ఇయ్యాల ఆఖరు అన్నాడు. నిన్నెందుకు తిప్పలు పెట్టాలని నేనే పెట్టేశా. నీ పేరే రాశాలే!"

సువార్త కూడా నవ్వేసింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం అట్లా ఉంది మరి, పక్కింటి జామకాయ కోసి దొరికిపోయినవాడి మొహంలా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన తెల్లకాగితాలు, పెన్ను తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తన ఉపాయం తనకుంది. పాత సంతకం ఎలా పెట్టాడో ఆయనకి బాగా గుర్తు. దాన్ని ఆమెకి నేర్పిస్తే సరిపోతుంది. "చూడు, ఎస్ ఇట్టా కొక్కెంలాగా తిప్పాల. చివర్న ఒక గీత. గీత కింద రెండు చుక్కలు."

"రెండు చుక్కలెందుకు?"

"అందంగా ఉంటదని."

ఆమె రాసింది. కుదర్లేదు. మళ్ళీ రాసింది. "చెయ్యి బిగబట్టమాక, వదులు చెయ్యి," అంటూ ఆయన ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు వేసి తిప్పించాడు. పక్కన మంచం మీద అత్తగారు జ్ఞానమ్మ ఒత్తిగిలి పడుకుని చూస్తోంది. కాగితం సగం నిండేసరికి సువార్త చెయ్యి ఆగింది.

ఎంత శ్రద్ధగా రాశాడు తన పేరుని! తను ఎప్పుడూ ఇంత ఓపికగా రాసుకోలేదు. ల్యాబ్‌లో రిపోర్టు కింద ఎడమవైపు చిన్నగా గిలికేది. పరీక్షంతా తను చేసేది. ఆ గిలికినదాని మీద సగం దాకా డాక్టరుగారి ముద్ర పడేది. జీతం పెంచమని అడిగితే మేనేజరు, "మీ ఆయన్ని ఒకసారి పంపించమ్మా, మాట్లాడదాం," అన్నాడు. కృపావరం వెళ్ళాడు, మాట్లాడాడు, పెంచుకొచ్చాడు, ఆ సాయంత్రం బజ్జీలు తెచ్చాడు. బంధువుల్లో అందరిదీ ఒకటే మాట. "సువార్తకేంది, సంతకం పెట్టే శ్రమ కూడా లేకుండా చూసుకుంటన్నాడు మొగుడు." "నువ్వు రక్తాలు చూడు, కాగితాలు నేను చూస్తా," అనేవాడాయన పెళ్ళయిన కొత్తలో, ఆ మాట ఆమెకెంత ముద్దుగా ఉండేదో! ఇన్నేళ్ళు ఆ ముద్దులోనే గడిచిపోయాయి. ఇవాళ తన డబ్బు తను తెచ్చుకోవాలంటే, తన పేరు ఆయన ఎలా రాశాడో అలా రాయడం నేర్చుకోవాలి. ఆయన పెట్టినది అసలుది. తను పెట్టేది చెల్లనిది.

"ఇంకా ఎక్కడెక్కడ పెట్టావయ్యా నా సంతకం?" అని అడిగింది.

"ఎక్కడున్నయ్యి? గ్యాస్‌ది. నీ పాన్ కార్డు. పింకీ కాలేజీ కాగితాలు." కూతురి పేరు చెప్పేసరికి ఆయనకి ఉత్సాహం వచ్చింది. "స్కాలర్‌షిప్పుదీ నేనే. జాషువా గాడి టెంట్ హౌస్ లోనుకి షూరిటీ..." అక్కడ ఆగిపోయాడు.

జాషువా ఆయన తమ్ముడు. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తాడు.

"నేను షూరిటీ ఉన్నానా?"

"తీరిపోయిందిలే అది. పోయినేడే తీర్చేశాడు."

"తీర్చకపోతే?"

"తీర్చాడుగా!"

అప్పుడు జ్ఞానమ్మ లేచి కూర్చుంది. ఆమెకి అక్షరం ముక్క రాదు. కోడల్ని పొగిడిన రోజులు తక్కువే, తిట్టిన రోజులూ తక్కువే.

"మీ నాయన గూడా ఇట్టాంటోడేరా," అంది కొడుకుతో. "నన్ను గడప దాటనిచ్చేవోడు గాదు, అన్నీ తనే చూసేవోడు. కానీ నూజెండ్లలో నా పేరున ఇచ్చిన సర్కారు పట్టా మీద ఏదన్నా రాయాలంటే నా ఏలిముద్ర కావాల్సొచ్చేది. అప్పుడు బస్సెక్కించి తీసకపోయేవోడు. ఆఫీసు కాడ ఇడ్లీలు పెట్టించి, ఇదుగో ఇది ఫలానా కాగితం అని చదివి చెప్పేవోడు. ఏం జేస్తాడు, నా ఏలు నాకాడుండె." కోడలి వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి. అందుకే నిన్ను తీసకపోయే పని లేకుండా పోయింది."

సువార్త పెన్ను కాగితం మీద పెట్టింది.

"నేనిది నేర్చుకోను."

"పిచ్చా నీకు? ఇంకో రెండుసార్లు రాస్తే వచ్చేసిద్ది. లేకపోతే పాత సంతకం నీది కాదని నువ్వు రాసివ్వాలి. అట్టా రాస్తే దాన్నేమంటారో తెలుసా? రోజూ కోర్టు ఎదురుగా కూర్చునేవోణ్ణి, నాకు తెలుసు." ఆయన కాగితాలు పక్కకి నెట్టాడు. "ఇంత ప్రేమగా చూసుకున్నందుకు నా మీద దొంగ సంతకం అని రాస్తావా?"

"నీ మీద నేనేం రాయను. నా పేరు మాత్రం నేను రాసుకుంటా."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన మాట్లాడలేదు. అలిగిన మనిషే, పొద్దున్నే ఆమె స్కూటీని బయటికి తీసి సీటు తుడిచి పెట్టేవాడు. చేపల పులుసు చేసిన రోజు ముళ్ళు లేని ముక్క వెతికి ఆమె కంచంలో వేసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. సువార్తకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. చెడ్డవాడైతే ఎంత తేలికగా ఉండేది! అరిచి, తెగేసి, పుట్టింటికి పోయి కూర్చునేది. ఈయన మీద అరవడానికి నోరు రాదు. అట్లాగని ఆ కొక్కెం ఎస్ రాయడానికి చెయ్యీ రాదు.

ఆసుపత్రిలో ఒక గంట పర్మిషన్ తీసుకుని బ్యాంకుకి వెళ్ళి అడిగింది. అక్కడ ఆఫీసరు ప్రశాంతి అనే చిన్నమ్మాయి. పింకీ కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఆమె ఓపికగా చెప్పింది. సంతకం మార్పుకి వేరే దరఖాస్తు ఉంటుంది. సువార్త జీతం ఖాతా ఈ బ్యాంకులోనే ఉంది. దాన్ని తెరవడానికి బ్యాంకువాళ్ళే ఆసుపత్రికి వచ్చారు కాబట్టి, అక్కడ మాత్రం ఆమె తన చేత్తో సంతకం పెట్టింది. దాన్ని చూసి తాము ధ్రువీకరిస్తామని, కానీ ఇంకో రెండు నెలలు ఆలస్యమవుతుందని అంది.

"కానీండి," అంది సువార్త.

ఇంటికొచ్చి కృపావరంతో చెప్పింది. "రేపు పదకొండింటికి బ్యాంకుకి పోతున్నా. నువ్వు రాకపోయినా ఏం కాదు."

ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోర్టుకి పిలిచిన సాక్షిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రశాంతి కాగితాలు చూసి, "పాత సంతకం ఇంత తేడాగా ఎందుకుందండీ? కారణం రాయాలి," అంది.

సువార్త ఆ ప్రశ్నకి జవాబు ముందే సిద్ధం చేసుకుంది. అప్పట్లో పెట్టినట్టు ఇప్పుడు చెయ్యి తిరగడం లేదని చెబుదామనుకుంది. నోరు తెరిచేలోపే పక్కనుంచి కృపావరం అన్నాడు. "అది ఈమె పెట్టలేదు మేడం. నేను పెట్టా."

సువార్త తిరిగి చూసింది. ఆయన బల్ల మీదున్న గాజుపలక వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదనిపించింది ఆమెకి.

ప్రశాంతి ఇద్దర్నీ చూసింది. "సార్, ఆ మాట నేను వినలేదు. ఎందుకంటే ఇట్లాంటివి మేం వినడం మొదలుపెడితే సగం ఖాతాలు ఆగిపోతాయి," అని సువార్త వైపు తిరిగింది. "పాత సంతకం ఇకమీదట వాడను అని రాయండి మేడం. నిజమేగా?"

"నిజమే," అంది సువార్త.

రాసింది. సంతకాలు మూడుచోట్ల పెట్టాలి. కృపావరం అలవాటుగా కుర్చీ ముందుకి జరిపి, "ఇదుగో ఇక్కడ," అని వేలు పెట్టబోయాడు.

"కనపడతందిలే," అంది మెల్లిగా.

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె ల్యాబ్‌లో పెట్టే సంతకమే పెట్టింది. చిన్నది, గబగబా పోయేది, కొక్కేలూ చుక్కలూ లేనిది. దాని మీద ఎవరి ముద్రా పడలేదు. ముద్ర పక్కనున్న గడిలో పడింది. ఫోన్ నెంబరు అడిగితే తనదే చెప్పింది.

"నాది కూడా ఇవ్వరాదూ," అన్నాడు కృపావరం. "డ్యూటీలో ఉంటే నువ్వు చూసుకోలేవు."

"డ్యూటీ అయ్యాక చూసుకుంటా."

రెండు నెలలు అనుకున్నది మూడో నెలలోకి పడింది. ఒక మధ్యాహ్నం రక్తం సీసాలకి చీటీలు అంటిస్తుంటే ఆమె ఫోన్ మోగింది. ఖాతా మారినట్టు, ఆగిపోయిన నెలల డబ్బు కూడా జమ అయినట్టు మెసేజ్. గ్లౌజులు తీసి ఇంకోసారి చదువుకుంది. ఆయనకి ఫోన్ చేసి చెబితే ఆమె కంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ టీలు ఇప్పించాడట. జ్ఞానమ్మ ఆ రాత్రి కోడలికి తనే అన్నం వడ్డించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే కృపావరం ల్యాబ్‌కి వచ్చాడు. ఎప్పుడూ గేటు దగ్గరే ఆగే మనిషి, ఆ రోజు లోపలిదాకా వచ్చి పేషెంట్ల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె చేతిలో పని అయ్యాక కాగితాల కట్ట ముందు పెట్టాడు.

"జాషువా జనరేటర్ కొంటన్నాడు. లోనుకి జీతమొచ్చేవాళ్ళ షూరిటీ కావాలంట. ఈసారి నేను పెట్టలా, చూశావా?" అన్నాడు, మార్కులు చూపించే పిల్లాడిలా. "నీ కాడికే తెచ్చా."

సువార్త నవ్వింది. ఆ నవ్వు మనసులోంచి వచ్చిందే. చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుని మొదటి పేజీ తీసింది. ఆయన పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. ఆమె చదువుతోంది. బయట ఎవరో చంటిపిల్ల సూదికి ఏడుస్తోంది. ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు, ఫ్యాను చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. ఆమె ఆఖరి పేజీ దాకా చదివి, కాగితాల అంచులు సర్ది ఆయన ముందుకి జరిపింది.

"ఇది నేను పెట్టనయ్యా."

కృపావరం మొహంలో మొదట ఆశ్చర్యం, తర్వాత కోపం లాంటిది, ఆ తర్వాత మెల్లిగా ఇంకేదో కదిలాయి. పెన్నుకి మూత పెట్టాడు.

"సరేలే. వాడికి నేనేదో ఒకటి చెప్తా. నీకు ఆసుపత్రిలో ఒప్పుకోలేదనో, ఏదో..."

"ఏదో ఒకటి చెప్పమాక," అంది సువార్త. ఆయన జేబులో పెన్ను తనే తగిలించి, తన ఫోన్ తీసి మరిది నెంబరు నొక్కింది. "నేనే చెప్తా."