రాయిలో కుడిచెయ్యి

రాతి శిల్పాల ఊరు దుర్గిలో కోటయ్య నంది పీఠం చెక్కుతున్నాడు. రాయి మందం అడుగు. మధ్యలో చెయ్యి దూరేంత బెజ్జం తొలుస్తుంటే ఉలి జారి అందులో పడింది. పడిన చప్పుడు రాలేదు.

చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాటింది. భుజం దాకా పోయింది. అడుగు మందం రాయిలో మనిషి చెయ్యంతా పట్టడమేమిటి? అవతలి వైపు బయటికీ రాలేదు. వేళ్ల చివర చల్లటి గోడ తగిలింది. హడలిపోయి లాక్కున్నాడు.

కుడి భుజానికి ఎడమ చెయ్యి వచ్చింది. నొప్పి లేదు, నెత్తురు లేదు. బోర్లిస్తే బొటనవేలు బయటివైపు నిలబడింది. ఉలి పట్టుకుంటే సుత్తి కుదరదు, సుత్తి పట్టుకుంటే ఉలి కుదరదు.

యజమాని సుందరరావు చూశాడు. "రెండు చేతులూ ఉన్నాయిగా కోటయ్యా, ఇంకేంది నీ గోల? శుక్రవారం పీఠానికి లారీ వస్తది." ముప్పై ఏళ్లు ఆ కుడిచేతి కష్టం తిన్నవాడి మాట అది.

కూతురు చందన మాచర్లలో ఫిజిక్స్ చదువుతోంది. గజం పొడుగు కడ్డీ బెజ్జంలో దించింది. కోటయ్య వేళ్లకి తగిలిన గోడ ఇప్పుడు కడ్డీకి అందలేదు.

"విశ్వం పుట్టినప్పుడు చోటే ఇట్టా రెట్టింపు రెట్టింపు ఉబ్బిందంట నాన్నా. రెప్పపాటు కూడా పట్టలేదంట. మనకి తెలిసిన పొడుగు, వెడల్పు, ఎత్తు కాక ఇంకో దిక్కు ఉండొచ్చంటారు. అట్టాంటిది ఈ రాయిలో చుట్టుకుని మిగిలిపోయిందేమో. ఇప్పుడు ఉబ్బుతోంది."

"నేనడిగేది నా చెయ్యి గురించే!"

"కాగితం బొమ్మని కాగితం మీదే ఎంత తిప్పినా కుడి ఎడమ కాదు. పైకెత్తి బోర్లిస్తే అవుద్ది. నీ చెయ్యిని ఎవరో అట్టా ఎత్తి బోర్లించారు."

"ఎవరే?"

చందన బెజ్జం దగ్గర చెవి పెట్టింది.

అప్పుడు వినిపించింది. రాయి లోపల ఉలి చప్పుడు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. అది కోటయ్య దెబ్బ. దుర్గిలో ఇంకెవరికీ ఆ దెబ్బ లేదు.

కోటయ్య రాయి మీద మూడు కొట్టాడు. చందన రెండు లెక్కపెట్టేసరికి లోపలి నుంచి మూడు వచ్చాయి. మర్నాడు నాలుగు దాకా లెక్కపెట్టాల్సి వచ్చింది. ఆ మర్నాడు ఎనిమిది.

శుక్రవారం లారీ వచ్చింది. కోటయ్య పీఠమెక్కి కూర్చున్నాడు.

"దిగరా! నీ అబ్బ సొమ్మా?" అరిచాడు సుందరరావు.

"ఈ చెయ్యి నాది కాదు, నా కుడిచెయ్యి లోపల పనిచేస్తాంది. చెవి పెట్టి విను."

సుందరరావు విసుక్కుంటూ చెవి ఆనించాడు. కోటయ్య మూడు కొట్టాడు. చందన లెక్కపెట్టింది. పదహారుకి జవాబొచ్చింది, బాగా దూరం నుంచి. సుందరరావు వెనక్కి వెనక్కి నడిచి లారీకి కొట్టుకున్నాడు. ఇంజను ఆపమన్నాడు.

"అమ్మాయ్, రేపు ముప్పై రెండు దాకా లెక్కపెట్టు," అన్నాడు కోటయ్య. దిగలేదు.