గట్టుకు వీపు తిప్పిన ఫ్యాను

తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బు. గాలి లేదు. మా చెరువులో చేపలన్నీ గాలి అందక నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీటిని చిలికి గాలి కలిపే ఫ్యాను మోటారు అప్పుడే కాలిపోయింది. ఎండ వచ్చేదాకా ఆగితే మా ఏడాది కష్టం తెల్లటి పొట్టలతో తేలుతుంది.

పక్క చెరువు మా బావగారిది, అంటే మావారి అన్నయ్యది. అందులో రెండు ఫ్యాన్లు హాయిగా తిరుగుతున్నాయి. కానీ అన్నదమ్ములకు వేసవి నుంచి మాటల్లేవు. ఆయన ఫ్యాను అలలకు మధ్య గట్టు మా వాటా మట్టితో సహా కరిగిపోతోందని మావారు అన్నారు. "నీ గట్టు మెతకదైతే నా ఫ్యానేం చేస్తుంది?" అని ఆయన అన్నారు. అంతే, ఇద్దరూ మూతులు బిగించుకున్నారు.

"చచ్చినా వాణ్ణి అడగను," అన్నారు మావారు.

"చచ్చేది మీరు కాదు, చేపలు," అని నేనే గట్టు దాటాను. నాకు ఒళ్లు మండిపోతోంది.

నా మాట పూర్తి కాకముందే తోడికోడలు భర్తను తట్టి లేపింది. బావగారు కళ్లు నులుముకుంటూనే నీళ్లలోకి దిగి ఒక ఫ్యాను తాళ్లు విప్పారు. అది చూసి మావారు పరుగెత్తుకొచ్చి రెండోవైపు పట్టుకున్నారు. ఫ్యాను గట్టు దాటింది.

హడావుడిలో మావారు మూడు వైర్లలో రెండింటిని తారుమారుగా కలిపారు. స్విచ్ వేయగానే రెక్కలు వెనక్కి తిరిగాయి. ఒడ్డున నిలబడ్డ బావగారి నెత్తిన చెరువు సగం పడింది.

ఆయన మొహం తుడుచుకున్నారు. "ఒరేయ్, కసి తీరిందా?"

"ఇంకొంచెం ఉంది అన్నయ్యా."

తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకైతే నవ్వాగలేదు. మావారు కరెంటు ఆపి వైర్లు మార్చారు. కాసేపటికి చేపలు నురగ చుట్టూ మూగాయి, తరువాత ఒక్కొక్కటే అడుగుకు దిగాయి.

మధ్యాహ్నం భోజనం చేస్తూ చూస్తే బావగారు తన చెరువులో మిగిలిన ఫ్యానును విప్పి, మధ్య గట్టుకు వీపు పెట్టి, అలలు అవతలి ఒడ్డుకు పోయేలా కడుతున్నారు. ఎవరూ అడగలేదు. మావారు చెయ్యి కడుక్కోకుండానే లేచి, తాడు రెండో కొస పట్టుకోవడానికి వెళ్లారు.