కృష్ణమ్మ బంధువులు

ఉస్మాన్ మేస్త్రీ చెత్తకుప్పను కర్రతో కెలికి విస్తరాకులు లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు. అన్నిటికీ జొన్న సంగటి అంటుకుని ఉంది. నిన్న ముప్పై ఒకటి. ఆ సందులో ఉన్నవి నాలుగే ఇళ్లు. ఒకదానికి తాళం. రెండిళ్లలో మగ్గాలున్నాయి, వాళ్లు సత్తు తట్టల్లో తింటారని ఆయనకు తెలుసు. ఇక మిగిలింది చివరి ఇల్లు. అందులో కృష్ణమ్మ అనే ఆడమనిషి ఒక్కతే ఉంటుంది.

ఒక్క కడుపుకు ముప్పై నాలుగు విస్తర్లు ఎందుకో ఆయనకు అర్థమైంది.

ప్రొద్దుటూరు మునిసిపాలిటీలో ఆయన శానిటరీ మేస్త్రీ. తెల్లవారకముందే కాలవలు తీయించాలి, పేటలోని చావుపుట్టుకలు రాసుకోవాలి, లైసెన్సు లేకుండా అన్నం అమ్మేవాళ్లను పట్టుకోవాలి. మొదటి రెండు పనులు ఎవరైనా చేస్తారు. మూడోదానికి మాత్రం ఆఫీసులో ఆయన పేరే చెబుతారు. పత్తి బేళ్ల వెనక, బంగారు పనివాళ్ల మిద్దెల మీద, చివరికి గుర్రపు కొట్టంలో నడిచే పూటకూళ్లను కూడా ఇరవై రెండేళ్లుగా ఆయన ముక్కు పసిగడుతూనే ఉంది. మనిషి పొడుగు, బక్కపలచన. ఖాకీ చొక్కా భుజాల మీద వెలిసిపోయి తెల్లబడింది. ఎడమకన్ను సగం మూసుకునే ఉంటుంది. ఎదుటివాడు పేరు చెప్పినా నమ్మనట్టు చూస్తాడు. ఆయన వీధిలోకి వస్తే ఆడవాళ్లు గబగబా కుండల మీద మూతలు పెట్టేవాళ్లు. ఏ ఇంట్లోనూ ఆయనకు గుక్కెడు మజ్జిగ ఇచ్చినవాళ్లు లేరు. ఇచ్చినా తాగడు. ఇంట్లో భార్య ఖాతూన్‌బీ కట్టిచ్చిన రొట్టె తప్ప బయటి మెతుకు ముట్టి ముప్పై ఏళ్లు దాటింది.

అంతకుముందు అలా కాదు. వయసులో ఉండగా ఆయన, తమ్ముడు హుమాయున్ రుచి కోసం ఊళ్లు తిరిగేవాళ్లు. జమ్మలమడుగులో బండ్ల నిలుపు వెనక వంకాయ పులుసు చేసే ముసలమ్మను, పులివెందులలో కచేరీ గోడ పక్కన గుడ్డిదీపం కింద దోసెలు పోసే ఇంటిని ఉస్మానే కనిపెట్టాడు. వాసన పట్టుకుని ముందు ఆయన నడిచేవాడు, నవ్వుతూ తమ్ముడు వెంట వచ్చేవాడు. ఒక ఏడు బ్రహ్మంగారిమఠం తిరణాళ్లలో, డేరాల వెనక ఒక పొయ్యిని అలాగే కనిపెట్టి, "తిను, వాసన చూడు ఎట్లుందో" అని తమ్ముడికి తానే విస్తరి వేయించాడు. తనకు ఇంకో విస్తరి వచ్చేలోపల కూర అయిపోయింది. మరునాడు పొద్దెక్కకముందే వాంతిభేదితో హుమాయున్ పోయాడు. అతనికప్పుడు పంతొమ్మిదేళ్లు.

మధ్యాహ్నం ఉస్మాన్ సందు మొదట్లో బీడీల అంగడి దగ్గర నిలబడ్డాడు.

"ఏంది మేస్త్రీ, ఈడ నిలబడినావు?" అన్నాడు అంగడి కమాల్ బాషా.

"నీడకు."

"నీడ ఆ పక్కనుంది గదప్పా."

ఉస్మాన్ అతని వైపు అనుమానంగా చూశాడు. బాషా కూడా అక్కడే తింటాడేమో. ఈలోగా మనుషులు ఒక్కొక్కరే సందులోకి పోతున్నారు. మిల్లు కూలీలు, కాటా వేసేవాళ్లు, పత్తి అమ్ముకోవడానికి వచ్చిన జమ్మలమడుగు రైతు. పోయేటప్పుడు ఎండకు వాడిపోయిన మొహాలు, వచ్చేటప్పుడు మూతి తుడుచుకుంటూ. పదకొండో మనిషి లోపలికి పోగానే ఆయన కదిలాడు.

తలుపు తోసేసరికి పెరటి పంచలో రెండు వరసలు కూర్చుని ఉన్నారు. నమిలేవాళ్లు నమలడం ఆపేశారు. నలభై అయిదేళ్ల కృష్ణమ్మ చేతిలో సంగటి ముద్దతో అలాగే నిలిచిపోయింది.

"వీళ్లంతా ఎవరమ్మా?"

"మావాళ్లేనన్నా. బంధువులు."

"దుడ్లు తీసుకోవా?"

"బంధువుల కాడ దుడ్లేంది?"

ఉస్మాన్ పుస్తకం తీశాడు. మొదటివాణ్ని అడిగితే మేనమామ కొడుకునన్నాడు. రెండోవాడు మరిదినన్నాడు. జమ్మలమడుగు రైతు గుటక మింగి, "నేను గూడా మరిదినే" అన్నాడు. మూలన గోడకానుకుని ఒక ముసలాయన మెల్లగా తింటున్నాడు. కాటా దగ్గర బస్తాలు మోసే ఆదినారాయణ. నుదుట చెమట కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"నీకేమవుతుంది ఈమె?"

"ఏమని చెప్పల్లప్పా? రెండేండ్లనుంచి అన్నం పెడతాంది. దాన్ని ఏమంటారో నాకు తెల్దు."

ఉస్మాన్ ఆ మాట రాసుకోలేదు. వంటింట్లోకి పోయాడు. నీళ్ల కుండకు గుడ్డ కట్టి ఉంది. పప్పు కుండలో గరిటె తిప్పి వాసన చూశాడు. రోలు వేలితో రుద్దాడు. చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి మూత తీసి చూశాడు. ఎక్కడా ఒక్క ఈగ కూడా లేదు. లైసెన్సు ఉన్న హోటళ్లలో కూడా ఇంత శుభ్రం ఆయన చూడలేదు. అంత శుభ్రంగా ఉండటమే ఆయనకు అనుమానం కలిగించింది.

బయట ఎవరో "ఓ తాతా!" అన్నారు.

ఆదినారాయణ గోడకు ఆనుకునే ఉన్నాడు. చెయ్యి విస్తట్లోనే ఉంది, మొదలుపెట్టిన ముద్ద వేళ్ల మధ్య అలాగే ఉంది. కళ్లు మాత్రం ఎవరినీ చూడటం లేదు.

"సంగట్లో ఏందో పడింది!" అని ఒకడు అరిచాడు. అంతే. మేనమామ కొడుకు, మరుదులు, అందరూ ఎంగిలి చేతులతోనే సందులో పడ్డారు. క్షణంలో పంచ ఖాళీ అయింది.

కృష్ణమ్మ కింద కూలబడింది. "అన్నా, నేనేమీ చెయ్యలేదు. నాలుగు దినాల్నుంచి రొమ్ము పట్టుకుంటాండాడు. ఆస్పత్రికి పో అంటే, కాటా పని పోతాది అన్న్యాడు."

ఆ మాట నిజమో, అబద్ధమో. ఇప్పుడే బంధువులని చెప్పిన నోరే ఇది. ఉస్మాన్ ముసలాయన పక్కన కూర్చుని చూశాడు. వాంతి లేదు. కళ్లు లోతుకు పోలేదు. వేళ్లు వంకర్లు తిరగలేదు. వాంతిభేది చావు ఎలా ఉంటుందో ఆయన తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని చూశాడు. ఇది అది కాదు. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. విషమైతే? సందు మొదట్లో అప్పటికే గుంపు చేరింది. "చంపేసింది" అన్న మాట ఒకటి లోపలిదాకా వినపడింది. సాయంత్రానికి ఊరంతా అదే అంటుంది. ఆ తరవాత ఈ పొయ్యి వెలగదు, ఈమె ఈ ఊళ్లో ఉండలేదు.

"ఒక విస్తరి వెయ్యి" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"ఆయప్పకు పెట్టిన కుండలోదే పెట్టు. అన్నీ పెట్టు."

తలుపు బార్లా తీయించి, వీధికి కనపడేటట్టు కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేకపోయాడు. తరవాత ఊరుబిండి కారం నాలుకకు తగిలింది. చింతపండు, కాల్చిన మిరపకాయ, పచ్చి ఉల్లిపాయ. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికని గుంపు అనుకుంది. మెతుకు మిగలకుండా తిన్నాడు.

ఇక ఎదురుచూడటం. కడుపులో ఏ చిన్న కదలిక వచ్చినా చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అరిచేతులు చూసుకున్నాడు, గోళ్లు చూసుకున్నాడు. వాకిట్లో జనం ఆయన్నే చూస్తున్నారు, ఆయన జనాన్ని చూస్తున్నాడు. కృష్ణమ్మ ముసలాయన మీద దుప్పటి కప్పి, ఎవరినీ చూడకుండా కూర్చుంది. ఎండ పంచలోంచి గోడమీదికి ఎక్కింది. మూడు దాటింది. నాలుగైంది.

"ఏమన్నా అవుతాందా మేస్త్రీ?" అన్నాడు కమాల్ బాషా వాకిట్లోంచి.

"ఆకలవుతాంది" అన్నాడు ఉస్మాన్.

గుంపులో ఎవరో నవ్వారు. ముందు జమ్మలమడుగు రైతు లోపలికి వచ్చాడు, తల వంచుకుని. తరవాత మేనమామ కొడుకు, ఇంకో మరిది. బాషా అంగడి మూసి వెదుళ్లు తెచ్చాడు. ఆదినారాయణకు నా అన్నవాళ్లు ఎవరూ లేరని తేలింది. పాడె వాళ్లే కట్టారు.

మరణాల ఫారం మీద ఇంకా మద్రాసు ప్రభుత్వం పేరే అచ్చయి ఉంది. ఉస్మాన్ దాన్ని మోకాలి మీద పెట్టుకుని పేరు, వయసు రాశాడు. కారణం: గుండెనొప్పి. ఎవరి ఇంట అన్న గడి దగ్గర పెన్సిలు ఆగింది. కృష్ణమ్మ వైపు ఒకసారి చూశాడు, ఆ సగం మూసిన కంటితోనే. "బంధువుల ఇంట" అని రాసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా నలుగురూ పాడె ఎత్తి పెన్న వైపు నడిచారు. ఉస్మాన్ కొంత దూరం వాళ్ల వెనకే పోయాడు. చెయ్యి ఇంకా కారం వాసన వేస్తోంది. కడగాలనిపించలేదు.

కృష్ణమ్మ పంచ కడిగి, నీళ్లు వాకిట్లోకి తోసింది. గడప పక్కన ముసలాయన చెప్పులు మిగిలాయి. ఎడమ చెప్పుకు ఆ ఉదయమే వేయించిన టైరు అట్ట, దాని మీది గీతల్లో ఇంకా మట్టి కూడా సరిగ్గా చేరలేదు.