నాలుగున్నర స్టార్లు

ఛత్రినాకలో లినక్స్ అంటే ప్రణీత్, ప్రణీత్ అంటే లినక్స్. విండోస్ మోయలేని పాత కంప్యూటర్లలో దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించడం, చిన్నచిన్న పనిముట్లన్నీ ఒక కట్టగా వచ్చే సాఫ్ట్‌వేర్లను పరీక్షించి తన వెబ్‌సైటులో మంచిచెడ్డలు రాయడం అతని సరదా. సరదా కాస్తా పేరయింది. పేరొచ్చాక పరీక్షలు పలచబడ్డాయి. ఈసారి వచ్చిన కట్టనైతే ముట్టుకోనేలేదు. తయారుచేసినవాళ్లు పెట్టిన బొమ్మలు చూసి, నాలుగు మాటలు అల్లి, ఐదుకు నాలుగున్నర స్టార్లు పడేశాడు. రుచి చూడకుండా వడ్డించేవాడికి ధైర్యమెక్కువ.

ఆ రాత చదివి, ఫ్లెక్సీలు డిజైన్ చేసే మహేశ్వరి ఆ కట్టను తన దుకాణం కంప్యూటరులో ఎక్కించుకుంది. ఒకే ఫైలు రెండుచోట్ల ఉంటే అదనపుది తుడిచేసే పనిముట్టు అందులో ఉంది. బోనాల ముందు ఆమె దగ్గర బస్తీకొక ఫోల్డరు. ప్రతి ఫోల్డరులోనూ అదే అమ్మవారి ఫోటో, అదే గల్లీ లీడర్ నవ్వు. పనిముట్టు ఒక్కో ఫోటో మిగిల్చి తక్కినవన్నీ ఊడ్చేసింది. పొద్దున చూస్తే ఫ్లెక్సీల్లో అమ్మవారు లేరు, ఖాళీ గడులున్నాయి. సాయంత్రానికి అవి అచ్చుకు పోవాలి. పోకపోతే ఆర్డర్లతోపాటు దుకాణం పేరూ పోతుంది.

కబురందగానే ప్రణీత్ దుకాణానికి పరుగెత్తాడు. మిగిలిన ఫోటోలను ఒక్కో ఫోల్డరులో తిరిగి పెడుతూ కూర్చున్నాడు. ఆర్డర్లిచ్చినవాళ్లు గుమ్మంలో లొల్లి పెట్టారు. మహేశ్వరి అందరికీ చేతులు జోడించి ఒకటే చెప్పింది. తమ్ముడు బాగానే రాశాడట, తానే సరిగా చదవకుండా బటన్ నొక్కిందట. రాని పనికి దుకాణమెందుకని ఒకాయన అందరి ముందే అనేశాడు. ఆమె దానికీ తలూపింది. ప్రణీత్ తేలు కుట్టిన దొంగలా కీబోర్డు చూస్తూ ఉండిపోయాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నోరు మాత్రం లేవలేదు.

చీకటి పడకముందే ఫ్లెక్సీలు అచ్చుకు వెళ్లాయి, జనమూ వెళ్లారు. మహేశ్వరి చాయ్ తెప్పించి అతని చేతికిచ్చింది.

“నువ్వు లేకుంటే నా ఇజ్జత్ పోతుండె తమ్మీ. ఇంకోసారి నువ్వు రాసింది రెండుసార్లు చదివినంకనే నొక్కుత.”

ఆ మాట అతను తట్టుకోలేకపోయాడు. చాయ్ పక్కన పెట్టాడు.

“నువ్వు సక్కగనే చదివినవక్కా. నేనే దాన్ని నడిపి చూడలే. చూడకుంటనే మంచిగున్నదని రాసిన.”

ఆమె అతను పక్కన పెట్టిన చాయ్ వైపు చూసింది. తిట్టినా బాగుండుననిపించింది ప్రణీత్‌కు.

“మరి గంతమంది నిలబడ్డప్పుడు ఎందుకు చెప్పలే?” అని అడిగింది.